బొటనవేలి పక్కన ఉబ్బు

ప్రశ్న: కాలి బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బి, వేలు పక్కకు ఒరుగుతుంటే రాత్రిపూట పట్టీ కట్టుకోవడం వల్ల సరవుతుందా?

జవాబు: బనియన్ అనే ఈ ఉబ్బు సాధారణంగా కొత్తగా మొలిచిన ఎముక కాదు; బొటనవేలికి వెనుక ఉండే పాదపు ఎముక, అంటే మొదటి మెటాటార్సల్, రెండో పాదం వైపు జరుగుతుండగా వేలు మాత్రం పక్క వేళ్ల మీదికి ఒరగడంతో, ఆ రెంటినీ కలిపే కీలు బయటికి పొడుచుకు వస్తుంది. ఎక్స్‌రేలో ఈ ఒరుగుదల 15 డిగ్రీలు దాటితే వైకల్యంగా లెక్కిస్తారు. వంశపారంపర్యంగా వచ్చిన పాదనిర్మాణం దీనికి మూలం కాగా, ముందు ఇరుకుగా, మడమ ఎత్తుగా ఉండే చెప్పులు దాన్ని ముదరబెడతాయి.

పట్టీ కట్టుకున్నంతసేపు కొంత ఉపశమనం కలగవచ్చు గాని, పక్కకు జరిగిన ఎముకను అది యథాస్థానానికి తేలేదు. తెస్తుందని ఊరించే ప్రకటనలు నమ్మదగినవి కావు. వేళ్లు విచ్చుకునేంత వెడల్పైన, మెత్తని చెప్పులకు మారితే చాలామందికి నొప్పి అదుపులో ఉంటుంది. అప్పటికీ నడక కష్టమైతేనే ఆస్టియోటమీని, అంటే ఎముకను కోసి సరైన వరుసలో బిగించే శస్త్రచికిత్సను ఆలోచించాలి తప్ప, కేవలం అందం కోసం కాదు. ఎముక అతకడానికి 6 వారాలకు పైగా, వాపు పూర్తిగా తీయడానికి నెలలు పడుతుంది.

ఆ కీలే రాత్రికి రాత్రి ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడితే అది యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. దాని చికిత్స వేరు.