రెండు కంప్యూటర్లలో లెక్కలు ఒకే తీరున నుంచుట ఎట్లు?



విత్తనముల పంపిణీ జాబితా, పంటల నమోదు, ఎరువుల నిల్వ లెక్క నేడు కంప్యూటరులోనే ఉండుచున్నవి. గ్రామములో వ్రాసిన లెక్క మండల కార్యాలయమునకు చేరవలెను. పెన్‌డ్రైవులో మోసికొనిపోయినచో ఏది కొత్తదో ఏది పాతదో తెలియక తికమక పడుదుము. ఫైళ్లను తమంతట తామే సరిచూచి రెండు చోట్ల సమానముగా నుంచు ప్రోగ్రాములు గలవు. వానిలో 2013లో వెలువడిన సింక్‌థింగ్ ఉచితముగా లభించును. దీనికి మధ్యలో ఫైళ్లు నిల్వయుంచు గిడ్డంగి లేదు. కనుక రెండు కంప్యూటర్లును ఒకే సమయమున నడుచుచుండవలెను.

ఒక అనుభవము

నేను పనిచేసిన ఒకచోట, గ్రామ కంప్యూటరులో స్థలము చాలలేదని ఒక సహాయకుడు పాత ఫైళ్లను తీసివేసెను. వానితో వేరుశనగ విత్తనముల జాబితాయు పోయినది. మండలములో నకలు గలదను ధైర్యముతో చూడగా, సాయంత్రమునకు అచ్చటను లేదు! రసీదులను బట్టి జాబితాను తిరిగి వ్రాయుటకు నాలుగు దినములు పట్టినది. అదునులో విత్తనము కొరకు వచ్చిన రైతులు ఆ నాలుగు దినములును తిరిగి పోయిరి. తప్పు సహాయకునిది కాదు. అమరికలు చూడకుండ వదలిన మాది.

1. దిశను నిర్ణయించుడు

ఫోల్డరును పంచుకొనునపుడు, మీరు మార్చనిచో, అది ‘సెండ్ అండ్ రిసీవ్’ పద్ధతిలో నుండును. అనగా ఇరువైపుల మార్పులును ఇరువైపులకు పారును. తొలగింపు కూడ ఒక మార్పే యని మరువరాదు. కాలువ నీరు పై మడి నుండి కింది మడికి పారినట్లు లెక్కయు ఒకే దిశలో పోవుట మేలు. లెక్క వ్రాయు గ్రామ కంప్యూటరులో ‘సెండ్ ఓన్లీ’, మండలములో ‘రిసీవ్ ఓన్లీ’ ఎంచవలెను. మండలము నుండి వచ్చు ఉత్తర్వులకు వేరొక ఫోల్డరు పెట్టి, దిశను తిరుగవేయవలెను.

2. పాత ప్రతులను దాచుడు

దిశ సరిచేసినను గ్రామములో తొలగించినది మండలములోను తొలగును. కావున మండల కంప్యూటరులో ‘ఫైల్ వెర్షనింగ్’ తప్పక పెట్టవలెను. మనము పెట్టనిదే అది ఉండదు. ‘సింపుల్’ పద్ధతి ఎంచినచో ఒక్కొక్క ఫైలుకు సాధారణముగా 5 పాత ప్రతులు నిలుచును. ముఖ్యముగా గమనింపుడు: ఇది అవతలి నుండి వచ్చిన మార్పులకే పాత ప్రతి దాచును. అదే కంప్యూటరులో మనము చేతితో తీసివేసిన దానిని దాచదు. అందుచే వెర్షనింగ్ ఉండవలసినది స్వీకరించు వైపున.

3. ఒకే ఫైలును ఇద్దరు దిద్దరాదు

ఇరువైపుల పద్ధతిలో ఒకే ఫైలును రెండు చోట్ల దిద్దినచో, తరువాత దిద్దినది అసలు పేరుతో నిలుచును. రెండవదాని పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అను మాట, తేది చేరును. దానిని చెత్తయని పారవేయక, తెరచి రెంటిని పోల్చుకొనుడు. ముందు వెనుకలు గడియారమును బట్టి తేలును గనుక రెండు కంప్యూటర్లలోను తేది, వేళ సరిగా నుండవలెను.

4. ‘రివర్ట్’ మీట విషయము

‘రిసీవ్ ఓన్లీ’ ఫోల్డరులో మీరేమైన మార్చినచో ‘రివర్ట్’ అను మీట కనిపించును. దానిని నొక్కినచో మీ మార్పులు రద్దగును. మీరు కొత్తగా చేర్చిన ఫైళ్లును పోవును. కావలసిన వానిని ముందుగా వేరొక చోటికి తీసికొనుడు.

పరీక్ష

అసలు లెక్కలు పెట్టుటకు ముందు, పనికిరాని నాలుగు ఫైళ్లతో ఒక ఫోల్డరు చేసి చూడుడు. గ్రామములో ఒకటి తొలగించి, మండలములో దాని పాత ప్రతి దొరకునేమో వెదకుడు. దొరకిన పిదపనే పనిలో దిగుడు. ఇంత చేసినను, నెలకొకసారి లెక్కలన్నిటిని విడిగా ఒక డిస్కులోనికి ఎక్కించి, తీగ తీసి, బీరువాలో భద్రపరచవలెను. రెండు చోట్ల సమానముగా నుంచుట వేరు, దాచియుంచుట వేరు. విత్తనపు గింజలను తిండి గింజలతో కలిపి ఏ రైతును ఒకే గాదెలో పోయడు గదా!