ప్యూబ్లో జనుల నల్లకుండలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ మెక్సికో ప్రాంతమున ప్యూబ్లో యను ఆదిమజనులు గలరు. వారిలో శాన్ ఇల్డెఫాన్సో, శాంటా క్లారా గ్రామములవారు చేయు నల్లకుండలను గూర్చి యిచ్చట కొంత తెలుపుచున్నాము.

మన కుమ్మరులవలె వారు సారె త్రిప్పరు. అగ్నిపర్వతపు బూడిద కలిపిన మట్టిని త్రాళ్లుగా పేని, వరుసపై వరుస చుట్టి కుండను నిలుపుదురు. ఆరిన పిదప ఎఱ్ఱమట్టి పూత పూసి, నున్నని రాతితో అద్దమువలె మెఱయువఱకు రుద్దుదురు. ఈ యెఱ్ఱకుండ నల్లనగుట యెట్లు? కట్టెలతోను పిడకలతోను కాల్చుచు, తగిన వేళ మంటపై ఎండిన పేడపొడిని దట్టముగా కప్పుదురు. అంతట ప్రాణవాయువు లోనికి చొరదు. పొగలోని మసి కుండకు పట్టును. మట్టిలోని యినుము రంగు మాఱును. అట్లు కప్పకున్నచో నా కుండయే యెఱ్ఱగా నుండును.

1920వ సంవత్సర ప్రాంతమున శాన్ ఇల్డెఫాన్సోవారగు మరియా మార్టినెజ్, జూలియన్ దంపతులు నిగనిగలాడు నలుపుపై మెఱుగులేని నలుపు చిత్రములు వేయు విధమును వృద్ధిచేసిరి. మరియా యా విద్యను దాచుకొనక గ్రామస్థులకు నేర్పెను.

పాతకుండలు చెదరిపోకుండ కూర్చి కాపాడుటకై 1922లో శాంటా ఫే నగరమున ఒక నిధి యేర్పడెను. అయినను ప్రదర్శనశాలలలో వాని కథను చాలకాలము ఇతరులే చెప్పిరి. 2022లో ఆ నగరమున జరిగిన ప్రదర్శనమునకు కుండల నెన్నుకొని, వాని వివరములు వ్రాసినవారు ఆ జనులలోని 60 మందికి పైబడినవారే.

విద్యార్థులు ప్రదర్శనశాలకు పోయినపుడు వస్తువును చూచుటతో తనియక, దానిని చేసినదెవరు, దాని కథ చెప్పుచున్నదెవరు అని కూడ విచారింపవలెనని మా కోరిక.