బుల్లి పొగబండి – కొలతల పాఠము

పొగబండి యను మాట మన యిండ్లలో నింకను వినబడుచున్నది. తాతలు ఆ మాట యనగా, అందులో పొగ యెక్కడిదని పిల్లలు ప్రశ్నింతురు. 1875లో మదురైకి వచ్చిన రైలు మీటరు గేజీపై ఆవిరితో నడచినది. నేడు పట్టాలు బ్రాడ్ గేజీవి, ఇంజనులు విద్యుత్తువి.

పుణె నగరమున 1998లో తెరచిన జోషీ గారి బుల్లి రైళ్ల ప్రదర్శనశాలను మేము చూచితిమి. అందరును పరుగులు చూచి మురిసిరి. ఉపాధ్యాయులము గనుక మా కన్నులు కొలతలపైనే నిలిచినవి.

అచటి కొలత 1:87. అనగా 87 అంగుళములు ఒక అంగుళమగును. మీటరు గేజీపై నడచిన వై.పి. తరగతి యింజను పెద్ద చక్రపు వ్యాసము 1372 మిల్లీమీటర్లు. ఎనిమిదవ తరగతి బాలుని భుజమును దాటును. ఈ కొలతలో అది 16 మిల్లీమీటర్లైనను కాదు, కోటు గుండీ యంత!

మరి బరువు? 60 టన్నుల యింజను 87వ వంతైన 690 కిలోలుండవలెను గదా యని తొందరపడకుడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గినవి. కావున బరువు 87×87×87, అనగా 6,58,503వ వంతగును. లోహము మారనిచో తూకము 91 గ్రాములే.

ఆవిరి సంగతి యింకను చిత్రము. బాయిలరులోని నీరు 6,58,503వ వంతు కాగా, దాని ఉపరితలము 7,569వ వంతే యగును. నీటితో పోల్చిన, వేడి పోవు తావు 87 రెట్లు హెచ్చినది. చిన్న గ్లాసులోని కాఫీ త్వరగా చల్లారుట మీరెరుగుదురు. అందుచే ఈ కొలత యింజనులు సాధారణముగా విద్యుత్తుతోనే నడచును, పొగగొట్టము అలంకారము. బొగ్గుతో నిజముగా నడుపదలచువారు మనిషి యెక్కి కూర్చుండదగినంత పెద్ద నమూనాలు చేయుదురు.

ఇంకొక చిక్కు కలదు. ఈ కొలతకు అంగడిలో దొరకు పట్టాల యెడము సామాన్యముగా 16.5 మిల్లీమీటర్లు. 87చే హెచ్చవేసిన సుమారు 1435. అది ఐరోపా గేజీ. మన మీటరు గేజీకి 11.5 చాలును. ఆ పట్టాలపై నిలిపిన పాత మదురై బండి మన బండి కాజాలదు.

కోయంబత్తూరు బంధువుల యింటికి పోవు పిల్లలు మేట్టుపాళయము చూచి రండు. అచటినుండి కూనూరునకు 1899లో తెరచిన కొండదారి మీటరు గేజీయే. నేటికిని ఆవిరి యింజను బండిని వెనుకనుండి పైకి నెట్టుచున్నది. దాని చక్రము మీ భుజమునకు వచ్చునో నడుమునకు వచ్చునో చూచి, 87చే భాగించి, నోటుబుక్కున వ్రాసికొని రండు.