మందుల కొట్టు బల్ల వెనకనుంచి

ఆత్రేయపురంలో మందుల షాపు నడుపుతూనే ముసలాణ్నయ్యాను. కొట్టు తాళాలు మనవడికి అప్పజెబుతూ వాడికి చెప్పిన మాటలివి.

1. బీపీ, షుగరు పట్నం రోగాలనుకోకురా. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల చావుల లెక్క తీశారు. గుండెపోటు, పక్షవాతంలాంటి వాటితో పోయినవాళ్లు నూటికి 32 మంది. అంటురోగాలతో పోయినవాళ్లు 12 మందే. జ్వరమైతే వారంలో దిగిపోతుంది, షుగరు ముప్పై ఏళ్లు తిష్ఠ వేస్తుంది. మన ఆసుపత్రులకు అలవాటైంది మాత్రం జ్వరమే.

2. కత్తెర ఎవరడుగుతున్నారో చూడు. "మొత్తం వద్దండి, ఐదు కోసివ్వండి" అన్నారంటే చేతిలో డబ్బాడట్లేదన్నమాట. పూతరేకులు తీసే ఆడవాళ్లనే తీసుకో. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండ మీద అలా లాగితే రేకు. పొద్దున్నించి ఆ సెగ దగ్గరే కూర్చుంటారు. పెళ్లిళ్ల సీజను అయిపోయి ఆర్డర్లు తగ్గాయంటే ముందు ఆగేది బీపీ బిళ్ళే. మానేసిన రోజున ఏమీ కాదు కదా! నొప్పి బిళ్ళ దగ్గర మాత్రం ఎవరూ పిసినారితనం చెయ్యరు.

3. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషనుకు పొలం అమ్ముకునే బాధ ఎందరికో తప్పింది, కాదనను. కానీ ఆపరేషను దాకా పోనివ్వని రోజువారీ బిళ్ళకు ఈ బల్ల మీద సొంత డబ్బు పెట్టినవాళ్లే ఎక్కువ. కిడ్నీలు పాడై డయాలసిస్‌లో పడితే ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛనిస్తుంది, డయాలసిస్ ఖర్చు దానికి వేరే. ఆ ఒక్క నెల పింఛను డబ్బుతో జనరిక్ బీపీ బిళ్ళలు రోజుకొకటి చొప్పున ఒక మనిషికి పదేళ్లు దాటి వస్తాయి. నువ్వే లెక్క కట్టుకో. పైగా డయాలసిస్‌కు వారానికి రెండుమూడు సార్లు బొబ్బర్లంక మీదుగా రాజమండ్రి పోవాలి. తోడెళ్లిన కొడుక్కీ ఆ రోజు కూలి పోయినట్టే. ఆ కూలి ఏ బడ్జెట్‌లోనూ కనపడదు.

4. ఉచితంగా మందులిచ్చే 104 బండి ఊళ్లోకొచ్చిన రోజు మన గిరాకీ పడిపోతుంది. ఏడవకు. పనికెళ్లి ఆ బండి అందుకోలేనివాళ్లు రాత్రి మన దగ్గరకే వస్తారు, షాపు పెందలాడే కట్టెయ్యకు.

5. జనరిక్ స్ట్రిప్పు మీద అచ్చేసిన ధరకీ మనకు పడే ధరకీ చాలా తేడా ఉంటుంది. మనకు పడింది చూసుకుని అమ్ము.

6. షుగరున్నవాడు పెళ్లిలో ఒక పూతరేకు తిన్నాడని నలుగురిలో తిట్టకు. 2023లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తీపి, ఎన్నో ఇళ్ల పొయ్యి దానివల్లే వెలుగుతోంది. మూడు పూటలా గుట్టగా పెట్టుకునే అన్నం గురించి అడుగు, బిళ్ళ వేసుకుంటున్నాడో లేదో అడుగు.

7. ఖాతా పుస్తకంలో బీపీ, షుగరు వాళ్లకు వేరే పేజీలున్నాయి. రెండు నెలలు ఎవరి పేరైనా కనపడకపోతే ఫోన్ చేసి బీపీ ఎంతుందో కనుక్కో. బాకీ మాట ఎత్తకు.