ఏ రక్షణ దేని మీద, ఎన్నాళ్లు

సౌదీకి నర్సులుగా వెళ్లబోయే ఆడపిల్లలు నా దగ్గరికొచ్చి జీతం, ఇక్కామా (నివాస అనుమతి), సెలవుల సంగతి అడుగుతారు. అవన్నీ ఏజెంట్లు చెబుతారు. అక్కడి వార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినదాన్ని కనుక నేను ఒంటి రక్షణ గురించి చెబుతాను. సూట్‌కేసులో 'ఇమ్యూనిటీ పెంచే' పొడి డబ్బా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. దేని మీద రక్షణ? ఎన్నాళ్లు? ఆ పొడి అమ్మేవాడి దగ్గర జవాబుండదు.

1. చర్మాన్ని తక్కువగా చూడకండి. హజ్ రోజుల్లో మా దగ్గరికి వచ్చేవాళ్లలో అరికాళ్లు కాలినవాళ్లు, బొబ్బలు చితికినవాళ్లు చాలామంది. ఎండకు కాలే నేల మీద చెప్పుల్లేకుండా నడుస్తారు. షుగర్ ఉన్న పెద్దాయనకు కాలు కాలిన సంగతే తెలియదు. చర్మం తెగిందంటే పుట్టుకతో వచ్చిన మొదటి రక్షణ పోయినట్టే. ఆ తర్వాత పరుగెత్తి రావాల్సిన తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నవాళ్లలో మందకొడిగా పనిచేస్తాయి. హజ్‌లో తల గొరిగించుకునే చోట ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడకూడదని సౌదీ ప్రభుత్వం అంత పట్టుబట్టేది ఊరికే కాదు. చిన్న గాటు చాలు, హెపటైటిస్ బి, సి లోపలికి పోవడానికి.

2. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా కథ పూర్తిగా తెలుసుకోండి, ఇమ్యూనిటీ సంగతి సగం దానిలోనే ఉంది. 1987 హజ్‌లో మెనింజైటిస్ 'ఎ' రకం బ్యాక్టీరియా ప్రబలింది. ఆ తర్వాత యాత్రికులకు టీకా తప్పనిసరి చేశారు. బాగా పనిచేసింది కూడా. 2000 హజ్‌లో మాత్రం 'డబ్ల్యూ135' అనే వేరే రకం వచ్చిపడింది. 'ఎ', 'సి' రకాల టీకా వేసుకున్నవాళ్ల ఒంట్లోని యాంటీబాడీలకు ఈ కొత్త రకం బ్యాక్టీరియా పైపూత తెలియదు. యాత్రికుల్లో, వాళ్లు తిరిగి వెళ్లిన ఇళ్లలో, వేర్వేరు దేశాల్లో కలిపి 400కు పైగా కేసులు వచ్చాయి. మక్కా ముఖం చూడని ఇంట్లోవాళ్లకు, యాత్రికుడి గొంతులో కూర్చున్న బ్యాక్టీరియా అంటింది. అందుకే 2002 నుంచి ఎ, సి, వై, డబ్ల్యూ135 నాలుగింటికీ కలిపిన టీకా అడుగుతున్నారు.

ఇక్కడే అసలు మెలిక. పాత రకం టీకాలో బ్యాక్టీరియా పైనుండే చక్కెర పూత ఒక్కటే ఉండేది. బి కణాలు దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు చేస్తాయి కానీ, టి కణాలకు చక్కెర కనబడదు. వాటి సాయం లేకపోతే గట్టి జ్ఞాపకం నిలవదు. గొంతులో బ్యాక్టీరియాను మోసుకు తిరగడమూ పెద్దగా ఆగదు. కొత్త రకంలో అదే చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికిస్తారు. ప్రొటీన్‌ను చూసి టి కణాలు లేస్తాయి, జ్ఞాపక కణాలు మిగులుతాయి. పాతదానికి మూడేళ్లు, కొత్తదానికి ఐదేళ్లు చెల్లుబాటు పెట్టింది అందుకే. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోమనేదీ రూలు కోసం కాదు, యాంటీబాడీలు తయారవడానికి అన్నాళ్లు కావాలి. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లో సూది వేయించుకుని, 'వేసుకున్నాం కదా, ఇంకేం' అని మర్నాడే విమానం ఎక్కుదామనుకునేవాళ్లకు మీరు ఈ మాట చెప్పాలి.

3. పోలియో చుక్కలు వేరే దారి. మన దేశంలో పోలియో పోయిందని 2014లోనే ధ్రువీకరించారు, అయినా హజ్‌కు వెళ్లే పెద్దవాళ్ల నోట్లో చుక్కలు వేస్తారు. సూదిమందు రక్తంలో కాపలా పెట్టి పక్షవాతం రానివ్వదు. నోటిచుక్కలు పేగు గోడలో రక్షణ పెంచి, వైరస్ అక్కడ పెరిగి మలంలో బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి. లక్షలమంది ఒక్కచోట చేరే యాత్రలో రెండోది ముఖ్యం.

4. అరువు సొమ్ములు బరువు చేటు అంటారు మనవాళ్లు. తేలు కుట్టినవాడికి ఎక్కించే విరుగుడు అలాంటి అరువే. రియాద్‌లో నేషనల్ గార్డ్ ఆరోగ్య విభాగం కింద తేలు, పాము విషాలకు విరుగుడు తయారుచేసే కేంద్రం ఉంది. గుర్రాలకు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను తీస్తారు. ఎడారి తేళ్లలో పసుపు తేలు మహా చెడ్డది, చిన్నపిల్లలను కుడితే గుండె మీదికి పోతుంది. అప్పుడు సొంతంగా యాంటీబాడీలు చేసుకునే తీరిక ఎక్కడిది? గుర్రం ఇచ్చినవే దిక్కు. కానీ అవి వారాల్లోనే పోతాయి, మళ్లీ కుడితే మళ్లీ ఎక్కించాల్సిందే. పైగా పరాయి ప్రొటీన్ కనుక, వారం పదిరోజుల తర్వాత జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు రావచ్చు. డిశ్చార్జి చేసేటప్పుడు ఆ మాట అరబ్బీలోనే రాసివ్వండి.

తల్లి ఇచ్చేదీ అరువే, కాకపోతే బరువు లేనిది. మాయ ద్వారా వచ్చిన యాంటీబాడీలు పుట్టిన తర్వాత నెలల తరబడి బిడ్డను కాస్తాయి, ముర్రుపాలలోవి పేగుకు పూత పూస్తాయి. ఆ తల్లి యాంటీబాడీలు తట్టు టీకాకు అడ్డం పడతాయనే మన దగ్గర మొదటి డోసుకు తొమ్మిది నెలలు నిండేదాకా ఆగుతారు.

5. ఉద్యోగంలో చేరేముందు క్షయ కోసం మాంటూ పరీక్ష చేస్తే, చెయ్యి వాచిందని ఏడవకండి. రెండు మూడు రోజులకు గట్టిపడే ఆ వాపు యాంటీబాడీలది కాదు, టి కణాలది. క్షయ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, యాంటీబాడీలు అక్కడికి చేరవు. మనవాళ్లలో చాలామంది ఒంట్లో అది చుట్టుముట్టబడి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. లేబర్ క్యాంపుల్లో తిండి, నిద్ర, షుగర్ అదుపు తప్పినవాళ్లలో లేస్తుంది. దగ్గు తగ్గని తెలుగు కూలీ వచ్చి 'దుమ్ము, సిస్టర్' అంటే నమ్మకండి, కళ్లె పరీక్ష రాయించండి.

6. ఒంటె పచ్చిపాలు వద్దు, ఎంత ప్రేమగా ఇచ్చినా సరే. 2012లో జెడ్డాలో ఒక రోగి నుంచి డాక్టర్ అలీ మొహమ్మద్ జకీ వేరుచేసిన మెర్స్ వైరస్, ఒంటెల్లో ఎప్పటినుంచో ఉంది. 1992 నాటి సౌదీ ఒంటెల సీరంలోనే దాని యాంటీబాడీలు కనిపించాయి. యాంటీబాడీలున్న ఒంటెకు మళ్లీ సోకడమూ ఉంది. యాంటీబాడీ ఉంటే చాలదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మనుషుల్లో నిర్ధారణ అయిన కేసుల్లో మూడోవంతుకు పైగా చనిపోయారు. 2014లో జెడ్డా ఆసుపత్రుల్లోనే అది ఒకరి నుంచి ఒకరికి పాకింది, సిబ్బందికీ సోకింది. దీనికి టీకా లేదు. మాస్కు, చేతులు కడగడమే.

7. తూర్పున కతీఫ్, అల్ అహ్సా వైపు పోస్టింగ్ వస్తే సికిల్‌సెల్ పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. మన పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లోనూ ఆ జబ్బుంది. తూర్పు సౌదీలోనూ, మన దేశంలోనూ కనిపించే ఆ జన్యురూపం ఒకటే, దాన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. ఒక్క జన్యువు ఉంటే తీవ్ర మలేరియా నుంచి కాపాడుతుంది. రెండూ ఉంటే ప్లీహం క్రమంగా చెడి, న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియాను వడకట్టే చోటు పోతుంది. అలాంటి బిడ్డకు జ్వరం వస్తే గంటల్లో చూడాలి. సౌదీలో 2004 నుంచి పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి. మన దగ్గరా ఉంటే బాగుండునని నా అభిప్రాయం.

8. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తిచేసి, నెల రెండు నెలలకు టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) చూపించుకోండి. 10 దాటితే చాలు. ఏళ్లు గడిచాక ఆ అంకె పడిపోయినా జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి, కంగారుపడకండి. ఒరిజినల్ రిపోర్టు మీ దగ్గరే ఉంచుకుని, ఆఫీసుకు జిరాక్స్ ఇవ్వండి.