పాదం పట్టుకోవడమే తొలి పాఠం

మా పక్కింటి పెద్దాయనకు ఇరవై ఏళ్లుగా షుగర్. ఓ సాయంత్రం పొలం నుంచి వచ్చి చెప్పులు విడవబోతే ఎడమ చెప్పు ఊడి రాలేదు. తుమ్మముల్లు చెప్పును చీల్చుకుని అరికాల్లోకి దిగి ఉంది. పొద్దుటి నుంచీ దానితోనే తిరిగారు, నొప్పి మాత్రం తెలియలేదు. ముల్లు కన్నా ఆ తెలియకపోవడమే పెద్ద ప్రమాదం. దాన్ని ముందుగా పసిగట్టేవాళ్లే పోడియాట్రిస్టులు.

బైపీసీ అనగానే నీట్ తప్ప మరోటి తోచని మన ఇళ్లలో పోడియాట్రీ పేరు విన్నవాళ్లు తక్కువ. పాదానికి, చీలమండకు సంబంధించిన వైద్యం ఇది. బ్రిటన్‌లో మూడేళ్ల బీఎస్సీ ఆనర్స్, స్కాట్లండ్‌లో అయితే నాలుగేళ్లు. కోర్సులో సుమారు 1,000 గంటలు క్లినిక్‌లోనే గడుస్తాయి. అమెరికాలో దారి వేరు: డిగ్రీ తర్వాత నాలుగేళ్ల డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్), ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ. బ్రిటన్ వెళ్లాలనుకునే మన పిల్లలు ఫీజులు, వీసా గురించి అడిగినంతగా ఆ క్లినిక్‌లో తొలి రోజులు ఎలా ఉంటాయో అడగరు. అందుకే ఆ సంగతి చెబుతాను.

మొదట్లో పేషెంట్లు ఉండరు, పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ పాదమే పాఠ్యపుస్తకం. ఒక్కో పాదంలో 26 ఎముకలు. వాటిని వేలితో తడిమి పోల్చుకోవాలి. పాదం పైభాగాన ఒక నాడి, చీలమండ లోపలివైపు వెనకాల మరొకటి కొట్టుకుంటుంటాయి. ఆ రెండూ వేలికి అందడానికే కొందరికి వారాలు పడుతుంది. చేతులు కడుక్కోవడం, పరికరాలు శుద్ధి చేయడం, వాడిన బ్లేడు ఎక్కడ పడేయాలన్నది మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఆనెకాయలు చెక్కే స్కాల్పెల్ పట్టడం చాలాచోట్ల సబ్బు బిళ్ల మీదో, నారింజ తొక్క మీదో మొదలవుతుంది. బ్లేడును దాదాపు పడుకోబెట్టి, పలచటి పొరలుగా తీయాలి. మత్తు ఇచ్చి గోరు తీసే చికిత్స లాంటివన్నీ తర్వాతి మాట.

నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప పరికరం మోనోఫిలమెంట్. చూడ్డానికి చేపల గాలపు దారం ముక్కలా ఉంటుంది. ముందు పేషెంటు చేతి మీద తాకించి, ఆ స్పర్శ ఎలా ఉంటుందో తెలియజేస్తారు. తర్వాత ఆయన్ని కళ్లు మూసుకోమని, అరికాలి మీద ఆ దారం వంగేదాకా నొక్కుతారు. అలా వంగేసరికి పడే ఒత్తిడి 10 గ్రాములు. ఇక్కడ కొత్త విద్యార్థి చేసే తప్పు ఒకటుంది. నొక్కిన ప్రతిసారీ ‘తగిలిందా?’ అని అడుగుతాడు. అడిగితే చాలామంది అవుననే అంటారు. ‘తగిలినప్పుడు మీరే చెప్పండి’ అని ముందే చెప్పి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దంలోనే పాదం ఎక్కడెక్కడ మొద్దుబారిందో బయటపడుతుంది. ఆనెకాయ కట్టిన చోట నొక్కితే ఫలితం నమ్మలేం.

మొద్దుబారిన పాదం ఎంత చేటో లోకానికి చెప్పిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పుండ్లను పరిశీలించి, అవి మాంసం దానంతటది కుళ్లడం వల్ల రావడం లేదని, స్పర్శ పోయాక తగిలే దెబ్బల వల్ల వస్తున్నాయని చూపించారు. షుగర్ పుండ్లలోనూ ఇదే కథ నడుస్తుంది. అందుకే పోడియాట్రీ విద్యార్థి పాదంతో పాటు బూటు కూడా చూస్తాడు. లోపల చెయ్యి పెట్టి తడుముతాడు.

మన పిల్లలకు ఇంకో గడప కూడా ఉంది. ఎవరికైనా కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. మనకు పాదం పట్టుకోవడమంటే దణ్ణం పెట్టడమే. క్లినిక్‌లో తాతగారి వయసాయన కాలు ఒళ్లో పెట్టుకుని గోళ్లు కత్తిరించాలి, పుండు వాసన భరించాలి, ముఖంలో ఆ సంగతి కనబడనీయకూడదు. ముట్టుకునే ముందు అనుమతి అడగాలి, చూసింది చూసినట్టు రాసిపెట్టాలి. ఇది చిన్న పని కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫీజు కట్టేముందు ఒకటి సరిచూసుకోండి. బ్రిటన్‌లో పోడియాట్రిస్ట్ అనే పేరు పెట్టుకోవాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్టరై ఉండాలి. మీ కోర్సు ఆ సంస్థ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంటు మాట మీద వెళ్లొద్దు. ‘ఫుట్ హెల్త్ ప్రాక్టీషనర్’ పేరుతో స్వల్పకాల కోర్సులు కూడా ఉన్నాయి. వాటితో ఆ రిజిస్ట్రేషన్ రాదు. హెపటైటిస్ బి టీకా కాగితాలు ఇక్కడే సిద్ధం చేసుకోండి, క్లినిక్ శిక్షణకు (ప్లేస్‌మెంట్లకు) ముందు ఆరోగ్య పరీక్షలు, నేరచరిత్ర తనిఖీ కూడా ఉంటాయి.

దరఖాస్తు నింపేముందు ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లెవరినైనా అడిగి, మంచి వెలుతురులో వాళ్ల పాదాలు చూడండి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, చెప్పు ఒరిసిన చోటు. పది నిమిషాలు చూశాక ఇంకా చూడాలనిపిస్తే అప్పుడు ఫారం తియ్యండి.