నీ పక్క బెంచీ పొరుగువాడు



క్రిస్మస్ సెలవులకు వచ్చిన మా విచారణ యువకుడొకడు దివ్యబలిపూజ తరువాత ఒక సంగతి చెప్పాడు. "ఫాదర్, మా గదిలో నాలుగో మనిషి కావలసివచ్చాడు. మా క్లాసు ముస్లిం అబ్బాయి వస్తానన్నాడు. వద్దన్నాం. వాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియదు కదా!" రెండేళ్ళు ఒకే క్లాసులో చదివినా తెలియలేదా అని అడిగితే తలవంచుకున్నాడు.

అతణ్ణి తప్పుపట్టే ముందు మన ఇళ్ళను పరిశీలించుకుందాం. ఆ మాట కాలేజీ నేర్పలేదు. అన్నం తింటూ పెద్దలు అనే మాటల్లో పిల్లలు దాన్ని నేర్చుకుంటారు.

కొందరిని చూసి అందరికీ తీర్పు చెప్పడం తర్కశాస్త్రంలో దోషం, ధర్మశాస్త్రంలో అన్యాయం. 2008లో ఒరిస్సాలోని కంధమాల్‌లో ఒక స్వామీజీ హత్య జరిగితే, దానితో ఏ సంబంధమూ లేని వేలాది క్రైస్తవ కుటుంబాలు ఇళ్ళు కోల్పోయాయి. ఆ కొలత మనమీద పడితే ఎంత బాధో మనకు తెలుసు. మరి అదే కొలతతో ఇతరులను కొలవవచ్చునా?

శ్రీసభ బోధ స్పష్టం. 1965 అక్టోబరు 28న ద్వితీయ వాటికన్ మహాసభ 'నోస్త్రా ఏతాతే' అనే ప్రకటన వెలువరించింది. ముస్లింలను గౌరవంతో చూడాలని, పాత కలహాలను మరచి పరస్పర అవగాహనకు కృషి చేయాలని కోరింది. వారు ఏకైక దేవుణ్ణి ఆరాధిస్తారు. యేసును ప్రవక్తగా గౌరవిస్తారు. ఖురానులో 19వ అధ్యాయానికి మరియతల్లి పేరే ఉంది. 1219లో యుద్ధం జరుగుతుండగానే పునీత అస్సీసి ఫ్రాన్సిస్ ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌ను నిరాయుధుడై కలిశారు. ఎనిమిది వందల ఏళ్ళకు, 2019 ఫిబ్రవరి 4న, పోపు ఫ్రాన్సిస్‌గారు అబుదాబిలో అల్ అజ్‌హర్ పెద్ద ఇమాముతో కలిసి మానవ సౌభ్రాతృత్వ పత్రంపై సంతకం చేశారు.

రెండు మతాలూ ఒకటేనని దీని అర్థం కాదు. క్రీస్తు దేవుని కుమారుడని మనం విశ్వసిస్తాం, వారు అంగీకరించరు. ఈ తేడాను దాచనక్కరలేదు. తేడా ఉన్నచోటే ప్రేమకు పరీక్ష.

మరి రెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నా అపోహ ఎందుకు పోలేదు? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి సమాధానం చెప్పారు. ఊరికే దగ్గర ఉంటే చాలదు. సమానులుగా, ఒకే లక్ష్యం కోసం, కలిసి పనిచేయాలి. పెద్దలు దాన్ని ప్రోత్సహించాలి.

విద్యార్థులారా! ప్రాజెక్టులో, ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో, రక్తదానంలో వారితో జతకట్టండి. ఎగతాళి మాట వినిపిస్తే నవ్వకండి. అది తప్పని చెప్పండి. వారి రోజా గురించి అడగండి, మన తపఃకాలం గురించి చెప్పండి. తల్లిదండ్రులారా! మీ బిడ్డ స్నేహితుణ్ణి భోజనానికి పిలవండి. అద్దెకు గది ఇచ్చేటప్పుడు పేరునుబట్టి కాక నడవడినిబట్టి నిర్ణయించండి.

ఆ యువకుడు సెలవులయ్యాక వెళ్ళి క్షమాపణ అడిగాడట. అప్పటికే ఆ అబ్బాయి కాలేజీకి దూరంగా వేరే గది చూసుకున్నాడు. అయినా ఇద్దరూ ఇప్పుడు కలిసి చదువుకుంటున్నారు.

ఆలోచించుకుందాం: మన ఇంట్లో ముస్లింల గురించి చివరిసారి అన్న మాట ఏమిటి? ఆ మాటను ఒక ముస్లిం మిత్రుని ఎదుట అనగలమా?

దారిలో పడివున్నవాని మతమేమిటని మంచి సమరయుడు అడగలేదు. ఆ మనసును ప్రభువు మన బిడ్డలకు అనుగ్రహించునుగాక!